మొదటిసారి ఎంయూఎన్‌కి వెళ్తున్నారా? అలాట్‌మెంట్ మెయిల్ నుంచి ఓటింగ్ దాకా ఏం చేయాలి

మోడల్ యునైటెడ్ నేషన్స్ (ఎంయూఎన్)లో మీకు ఏ దేశం ఇచ్చారో చెప్పే అలాట్‌మెంట్ మెయిల్ వచ్చింది. ప్రిఫరెన్సుల్లో మీరు అమెరికా, రష్యా, ఇండియా అని రాశారు. వాళ్లు ఇచ్చింది వనువాటు. అది ఎక్కడుందో మ్యాప్‌లో వెతుక్కోవాలి. సగం ఉత్సాహం అక్కడే పోతుంది. మిగతా సగాన్ని "నా ఇంగ్లిష్ సరిపోతుందా?" అనే టెన్షన్ తినేస్తుంది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో హైదరాబాద్‌లో మొదటిసారి మోడల్ యునైటెడ్ నేషన్స్‌కి వెళ్లాను. మాట్లాడాలంటే ఎత్తి చూపాల్సిన, దేశం పేరున్న ప్లకార్డ్‌ను మొదటి రోజు సాయంత్రం దాకా ఒక్కసారి కూడా పైకెత్తలేదు. రెండో రోజు రెండు గ్రూపుల తీర్మానం డ్రాఫ్టులు (ముసాయిదాలు) ఒకదానికొకటి పొసగక పని ఆగిపోయింది. అప్పుడు నా ఫైల్లో ముందే రాసిపెట్టుకున్న రెండు క్లాజులు చూపించాను. ఆ రెండు డ్రాఫ్టులూ అక్కడే కలిశాయి. ఆ తర్వాత కొన్నేళ్లు డెలిగేట్‌గా (దేశం ప్రతినిధిగా), ఛైర్‌గా (చర్చ నడిపే అధ్యక్షస్థానంలో) కూర్చున్నాను. ప్రతి గదిలోనూ అదే చూశాను. గొంతు పెద్దదైనవాళ్లు మొదటి గంటంతా వినిపిస్తారు. దేశాన్ని చదువుకుని వచ్చినవాళ్ల మాట ఆఖరి కాగితంలో ఉంటుంది. ఆ రెండో రకం డెలిగేట్‌గా మీరు తయారవ్వాలని ఇది రాస్తున్నాను.

అసలు ఇదేమిటో తెలియనివాళ్లకు రెండు మాటలు. ఐక్యరాజ్యసమితి సమావేశాలను విద్యార్థులు నమూనాగా నడపడమే ఎంయూఎన్. ఒక్కొక్కరూ ఒక్కో దేశానికి ప్రతినిధి. రెండు మూడు రోజులు ఒకే ఎజెండా మీద చర్చించి, చివర్లో ఒక తీర్మానం రాసి ఓటేస్తారు. 1945లో ఐరాస పుట్టకముందే, 1920ల్లో అమెరికా కాలేజీల్లో నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) నమూనా సభలు జరిగేవి. మన దగ్గర లోక్‌సభ, అఖిలపక్ష సమావేశం లాంటి కమిటీలు కూడా పెడతారు. వాటి తీరు వేరు. ఇక్కడ ఐరాస కమిటీల సంగతే చెబుతాను.

1. కమిటీని చూసి ఎంచుకోండి

మొదటిసారైతే, ఐరాస సభ్యదేశాలన్నీ ఉండే జనరల్ అసెంబ్లీ కమిటీల్లో ఒకటి తీసుకోండి. నిరాయుధీకరణ మీద చర్చించే మొదటి కమిటీని డైసెక్ అంటారు, సామాజిక, మానవ హక్కుల విషయాలు చూసే మూడో కమిటీని సోకమ్ అంటారు. గదిలో మంది ఎక్కువ, పద్ధతి నేర్చుకోవడానికి సమయం దొరుకుతుంది. భద్రతా మండలిలో ఉండేది 15 దేశాలే. ప్రతి పది నిమిషాలకూ మీ వంతు వస్తుంది. అప్పటికప్పుడు కొత్త సంక్షోభం పుట్టించి నడిపే క్రైసిస్ కమిటీలైతే అర్ధరాత్రి కూడా అప్‌డేట్లు ఇస్తారు. ఆ రెండూ మూడో, నాలుగో కాన్ఫరెన్స్‌కి పెట్టుకోండి.

డబ్బు కట్టే ముందు ఛైర్లు ఎవరో, ఎజెండా నేపథ్యం చెప్పే బ్యాక్‌గ్రౌండ్ గైడ్ ఎప్పుడిస్తారో అడగండి. వారం ముందు కూడా గైడ్ ఇవ్వలేని కాన్ఫరెన్స్‌కి పెద్ద ఫీజు కట్టి వెళ్లకండి. మొదటి అనుభవానికి మీ కాలేజీలోనో, పక్క కాలేజీలోనో జరిగే చిన్నది చాలు.

2. మీ కమిటీకి ఏ అధికారం ఉందో తెలుసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. జనరల్ అసెంబ్లీ కమిటీలో కూర్చుని "ఆ దేశం మీద ఆంక్షలు విధిద్దాం, సైన్యాన్ని పంపిద్దాం" అని తీర్మానం రాస్తారు. ఆ అధికారం ఆ గదికి లేదు.

ఐరాస చార్టర్‌లో ఉన్నవి 111 ఆర్టికల్సే. మొత్తం చదివినా ఒక సాయంత్రం పని. అంత ఓపిక లేకపోతే రెండో ఆర్టికల్, ఆ తర్వాత నాలుగు నుంచి ఏడు దాకా అధ్యాయాలు చదవండి. నాలుగో అధ్యాయం జనరల్ అసెంబ్లీది. అది చర్చించగలదు, సిఫార్సు చేయగలదు. ఐదోది భద్రతా మండలిది. ఆరోది వివాదాలను శాంతియుతంగా తేల్చుకోవడం గురించి. ఆంక్షలు, బలప్రయోగం ఏడో అధ్యాయంలో ఉంటాయి, అవి భద్రతా మండలి చేతిలో ఉంటాయి. సభ్యదేశాలు మండలి నిర్ణయాలకు కట్టుబడి ఉండాలని 25వ ఆర్టికల్ చెబుతుంది.

రెండో ఆర్టికల్లోని నాలుగో, ఏడో పేరాలు ప్రింట్ తీసి ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోండి. ఒకటి మరో దేశం మీద బలప్రయోగం వద్దంటుంది. రెండోది దేశాల అంతర్గత విషయాల్లో ఐరాస జోక్యం చేసుకోకూడదంటుంది. ఏ ఎజెండా వచ్చినా సగం వాదన ఈ రెండు పేరాల చుట్టూనే తిరుగుతుంది.

3. దేశాన్ని చదవండి, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

వనువాటు దగ్గరికి మళ్లీ వద్దాం. పసిఫిక్ మహాసముద్రంలో 80కి పైగా దీవులు, సుమారు 3 లక్షల జనాభా. మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత. 1980లో స్వాతంత్ర్యం వచ్చింది. "దీన్ని ఎవరు పట్టించుకుంటారు?" అనిపిస్తుంది కదా. ఈ దేశం ఏం చేసిందో చూడండి.

2019లో యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్‌లోని కొందరు లా విద్యార్థులకు ఒక ఆలోచన వచ్చింది. వాతావరణ మార్పుల విషయంలో దేశాలకు చట్టప్రకారం ఏ బాధ్యత ఉందో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే ఎలా ఉంటుంది? వనువాటు ప్రభుత్వం ఆ ఆలోచనను అందుకుంది. దేశం వెంట దేశాన్ని కలుపుకుంటూ వెళ్లింది. 2023 మార్చి 29న జనరల్ అసెంబ్లీ ఆ ప్రశ్న అడగాలన్న తీర్మానాన్ని ఓటింగ్ అవసరం లేకుండా ఏకాభిప్రాయంతో ఆమోదించింది. దాని నంబర్ 77/276. హేగ్‌లోని న్యాయస్థానం 2025 జులై 23న తన అభిప్రాయం చెప్పింది. మీ వయసు పిల్లలు మొదలుపెట్టిన పని ప్రపంచ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇప్పుడు చెప్పండి, వాతావరణం ఎజెండాగా ఉన్న గదిలో ఇంతకంటే మంచి ప్లకార్డ్ ఏది?

ఇదొక్కటే కాదు. 1967 నవంబర్ 1న మాల్టా రాయబారి అర్విడ్ పార్డో, మీరు డైసెక్ అని పిలిచే ఆ మొదటి కమిటీలోనే లేచి, సముద్రం అడుగున ఉన్న సంపద మానవాళి ఉమ్మడి వారసత్వం కావాలని ప్రతిపాదించారు. మాల్టాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లే. ఆ మాట నుంచి మొదలైన చర్చే 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం దాకా నడిచింది. చిన్న దేశం వచ్చిందని బాధపడే జూనియర్లందరికీ ఈ రెండు కథలూ చెబుతుంటాను.

చదవడం ఎలా మొదలుపెట్టాలి? ముందు ప్రాథమిక విషయాలు ఒక పేజీలో రాసుకోండి: దేశానికి దేనిమీద ఆదాయం వస్తుంది, పొరుగువాళ్లెవరు, ఎవరి సాయం మీద ఆధారపడుతుంది, ఏ కూటముల్లో ఉంది. వనువాటు చిన్న ద్వీప దేశాల కూటమిలో ఉంది. 1990లో పుట్టిన ఆ కూటమిలో ఇప్పుడు 39 సభ్యదేశాలు. అంటే గదిలో అడుగుపెట్టకముందే మీకు మిత్రుల జాబితా దొరికినట్టు. ఆ దేశాల పేర్లు రాసుకుని, మీ కమిటీ కంట్రీ మ్యాట్రిక్స్‌తో (గదిలో ఉండే దేశాల జాబితాతో) పోల్చి టిక్ పెట్టండి.

తర్వాత ఆ దేశం ఐరాసలో ఏం మాట్లాడిందో వెతకండి. ఏటా సెప్టెంబర్‌లో జనరల్ అసెంబ్లీలో దేశాధినేతలు, మంత్రులు ప్రసంగిస్తారు. ఆ ప్రసంగాలు ఐరాస వెబ్‌సైట్‌లో ఉంటాయి. గత మూడేళ్లవి చదివితే ఆ దేశం దేని గురించి పదేపదే మాట్లాడుతుందో పట్టుబడుతుంది. ఐరాస డిజిటల్ లైబ్రరీలో ఏ తీర్మానానికి ఎవరు ఎలా ఓటేశారో కూడా చూడొచ్చు.

ఓటుతో పాటు దానికి చెప్పిన కారణం కూడా చదవండి. 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద వచ్చిన జనరల్ అసెంబ్లీ తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 వ్యతిరేకంగా ఓటేశాయి. 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. వాటిలో భారత్ ఒకటి. చర్చల ద్వారానే పరిష్కారం కావాలని అంటూనే ఓటెయ్యకుండా ఉంది. మీకు ఇండియా ప్లకార్డ్ వచ్చి, ఈ సంగతి తెలియకుండా ఆవేశంగా ఒక పక్షం తీసుకుని మాట్లాడితే, ఎదుటి డెలిగేట్ లేచి ఆ ఓటు గుర్తుచేస్తే చాలు, మీ దగ్గర జవాబు ఉండదు.

ఇక్కడే ఇంకో మాట. గదిలో మాట్లాడేది మీరు కాదు, మీ దేశం. మీకు ఏమాత్రం నచ్చని విధానం ఉన్న దేశం రావొచ్చు. అప్పుడు కొందరు దాన్ని సినిమా విలన్‌లా ఆడతారు, బెదిరిస్తారు, యుద్ధం ప్రకటిస్తారు. ఏ రాయబారీ అలా మాట్లాడడు. కఠినమైన విధానాన్ని కూడా మర్యాదగా, చట్టం భాషలో సమర్థించుకుంటాడు. మీకు నచ్చని వాదనను దాని బలమైన రూపంలో అర్థం చేసుకోవడం కష్టమైన పని. కాలేజీలో ఇంకెక్కడా దొరకని శిక్షణ ఇది. దాన్ని వదులుకోకండి.

దేనికైనా ఆధారం అడుగుతారు. ఐరాస నివేదికలు, ఆయా ప్రభుత్వాల ప్రకటనలు, రాయిటర్స్ లాంటి వార్తాసంస్థలు సాధారణంగా చెల్లుతాయి. వికీపీడియా చదవండి, అక్కడి నుంచి అసలు పత్రానికి వెళ్లండి, కానీ ఆధారంగా చూపించకండి. ముఖ్యమైనవి ప్రింట్ తీసుకోండి. కొన్ని గదుల్లో ల్యాప్‌టాప్ తియ్యనివ్వరు, వైఫై అయితే చెప్పక్కర్లేదు.

4. పొజిషన్ పేపర్

ఎజెండా మీద మీ దేశం వైఖరి చెప్పే కాగితం ఇది. ఒక పేజీ, మూడు పేరాలు. సమస్య ఏమిటి, ఇప్పటిదాకా మీ దేశం, ఐరాస ఏం చేశాయి, ఇక మీ దేశం ఏం కోరుతోంది. మూడో పేరా పెద్దగా ఉండాలి. ఏఐతో రాయించి పంపకండి. ఛైర్‌గా అలాంటివి చాలా చదివాను, మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోతుంది. పైగా మీ పేపర్లోని విషయాన్నే గదిలో అడిగితే చెప్పలేక ఇబ్బంది పడేది మీరే.

5. మొదటి ప్రసంగాన్ని తెలుగులో మొదలుపెట్టండి

దేశాలు వరుసగా మాట్లాడే జనరల్ స్పీకర్స్ లిస్ట్‌లో ఒక్కొక్కరికి 60 నుంచి 90 సెకన్లు ఇస్తారు. దీనికి తయారవ్వడానికి నాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

ముందు ఎజెండాను మీ అమ్మకో, రూమ్మేట్‌కో తెలుగులో రెండు నిమిషాల్లో చెప్పండి. చెప్పలేకపోతే లోపం ఇంగ్లిష్‌ది కాదు, విషయం ఇంకా మీకు అందలేదని అర్థం. మళ్లీ చదవండి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగాక అవే మాటలను చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా రాసుకోండి. ఒక వాక్యంలో ఒక్క సంగతే. 90 సెకన్లకు 150 పదాలు మించకండి, ఎందుకంటే టెన్షన్‌లో మనం వేగం పెంచేస్తాం.

నోరు తిరగని పదాల పక్కన తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోండి. నా మొదటి ప్రసంగం కాగితం మీద "సావరిన్టీ" అని తెలుగులో ఉంది. పక్కనున్న డెలిగేట్ చూస్తే ఏమనుకుంటుందో అని ముందు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆమె చూసి, "మంచి ఐడియా, నేనూ హిందీలో రాసుకుంటా" అంది. యాసకు మార్కులుండవు. ఛైర్లు చూసేది విషయం ఉందా, దేశం వైఖరికి సరిపోయిందా, సమయంలోపు ముగిసిందా అని.

వనువాటు ప్రసంగం ఇలా ఉండొచ్చు:

"2015 మార్చిలో పామ్ తుపాను మా దీవులను తాకినప్పుడు మా దేశాధ్యక్షుడు బాల్డ్విన్ లాన్స్‌డేల్ ఇంటి దగ్గర లేరు. జపాన్‌లోని సెండాయ్‌లో, విపత్తుల ముప్పు తగ్గించడం మీద ఐరాస పెట్టిన సదస్సులోనే ఉన్నారు. అక్కడి నుంచే ప్రపంచాన్ని సాయం అడిగారు. ప్రతి తుపాను తర్వాతా ఇలా చెయ్యి చాచాల్సిన పరిస్థితి మారాలని వనువాటు కోరుతోంది. ఈ కమిటీ ముందు మేం రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం..."

ఇందులో ఏం జరిగిందో చూడండి. మొదటి వాక్యంలోనే ఒక తేదీ, ఒక మనిషి, ఒక చోటు ఉన్నాయి. తర్వాత సమస్య ఒక్క వాక్యంలో వచ్చింది. వెంటనే ప్రతిపాదనల్లోకి వెళ్లింది. ఎవరిదో సూక్తితో మొదలుపెట్టిన ప్రసంగాలు ఒక్క సెషన్‌లో పది వింటాం, ఒక్కటీ గుర్తుండదు. తుపాను అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 దివిసీమ ఉప్పెన గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ ఎలా ఉందో అక్కడివాళ్లను అడగండి. గదిలో ఆ పేర్లు చెప్పకండి, ఎందుకంటే మీరు వనువాటు. కానీ ఇల్లు కొట్టుకుపోయిన మనిషికి మొదటి వారంలో ఏం కావాలో తెలిసి మాట్లాడితే, ఆ తేడా గొంతులో తెలుస్తుంది.

"నేను" అనకండి, "వనువాటు" అనండి. సమయం మిగిలితే దాన్ని ఛైర్‌కి ఈల్డ్ చేయండి, అంటే వదిలెయ్యండి. రెండో రోజుకి ధైర్యం వచ్చాక ప్రశ్నలకు ఈల్డ్ చేయొచ్చు. మధ్యలో మాట మర్చిపోతే ఆగండి, కాగితం చూడండి, మళ్లీ మొదలుపెట్టండి. మూడు సెకన్ల మౌనం మీకు మూడు నిమిషాల్లా అనిపిస్తుంది, వినేవాళ్లకు ఊపిరి తీసుకున్నట్టే ఉంటుంది.

6. గదిలో పద్ధతి

ముందు రోల్ కాల్. మీ దేశం పేరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనొచ్చు, "ప్రెజెంట్ అండ్ వోటింగ్" అనొచ్చు. రెండోది అంటే ఆఖర్లో ఓటింగ్‌కు దూరంగా ఉండే వీలు పోతుంది. వినడానికి గంభీరంగా ఉందని రెండోది అనేసి, తర్వాత చిక్కుల్లో పడతారు. మీ దేశానికి ఓటింగ్‌కు దూరంగా ఉండే అలవాటు ఉంటే "ప్రెజెంట్" చాలు.

స్పీకర్స్ లిస్ట్ నడుస్తుండగా ఎవరో మోషన్ పెడతారు, అంటే చర్చ తీరు మార్చాలని ప్రతిపాదిస్తారు. మోడరేటెడ్ కాకస్ అంటే ఒక చిన్న అంశం మీద, సమయం పెట్టుకుని, ఛైర్ పిలిచినవాళ్లు మాట్లాడటం. మొదటి రోజు మధ్యాహ్నంలోపు ఒక్క మోషన్ అయినా మీరు పెట్టండి. ఈ వాక్యం కాగితం మీద రాసుకుని చదివెయ్యండి:

"ది డెలిగేట్ ఆఫ్ వనువాటు వుడ్ లైక్ టు రైజ్ ఎ మోషన్ ఫర్ ఎ మోడరేటెడ్ కాకస్ ఆన్ ది టాపిక్..." తర్వాత అంశం, ఆ తర్వాత "ఫర్ ఎ టోటల్ టైమ్ ఆఫ్ టెన్ మినిట్స్, ఇండివిడ్యువల్ స్పీకర్స్ టైమ్ వన్ మినిట్."

మొత్తం సమయం ఒక్కొక్కరి సమయంతో భాగిస్తే శేషం రాకూడదు. అంశం ఎంత చిన్నదైతే అంత మంచిది. "వాతావరణ మార్పులు" అని పెడితే ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు. "తుపాను తర్వాత మొదటి నెలలో డబ్బు ఎలా అందాలి" అని పెడితే చర్చ మీరు చదివి వచ్చిన చోటికే వస్తుంది.

పాయింట్లు నాలుగు రకాలు, భయపడాల్సింది ఏమీ లేదు. వినపడకపోయినా, ఏసీ చలి ఎక్కువైనా పర్సనల్ ప్రివిలేజ్. పద్ధతి గురించి సందేహమైతే పార్లమెంటరీ ఎంక్వైరీ. నియమం తప్పితే ఆర్డర్. ప్రసంగించినవాళ్లను ప్రశ్న అడగాలంటే ఇన్ఫర్మేషన్. పేరు గుర్తురాకపోతే చేయి ఎత్తి మామూలుగా అడగండి, మొదటిసారి వచ్చామని చెప్పండి. మంచి ఛైర్లు ఓపికగా చెబుతారు. నియమాలు కాన్ఫరెన్స్‌ను బట్టి కొంచెం మారతాయి కాబట్టి వాళ్లిచ్చిన రూల్స్ కాగితమే ప్రమాణం.

చిట్లు (గదిలో పంపుకునే చిన్న చీటీలు) బాగా వాడండి. మాట్లాడే అవకాశం రాకపోతే మీ పాయింట్‌ను చిట్ మీద రాసి ఎగ్జిక్యూటివ్ బోర్డ్ (ఛైర్ల బృందం) ద్వారా పంపండి, అది వాళ్లు చదువుతారు. ఎవరైనా చిట్లలో వ్యక్తిగతంగా ఇబ్బంది పెట్టే రాతలు రాస్తే దాన్ని చించెయ్యకండి, నవ్వి ఊరుకోకండి. అదే కాగితం ఛైర్‌కో, కాన్ఫరెన్స్ నడిపే సెక్రటేరియట్‌కో ఇవ్వండి. ఇది ముఖ్యంగా అమ్మాయిలకు చెబుతున్నాను, పక్కన కూర్చుని చూసే అబ్బాయిలకు కూడా.

7. అన్‌మాడ్‌లో చేతిలో కాగితంతో లేవండి

అన్‌మోడరేటెడ్ కాకస్ (అన్‌మాడ్) ప్రకటించగానే కుర్చీలు జరిగిపోతాయి, గది మధ్యలో గుంపు చేరుతుంది. అందరూ ఒకేసారి మాట్లాడతారు. కొత్తవాళ్లు ఈ పది నిమిషాలు నీళ్లు తాగడానికి, ఫోన్ చూడటానికి వాడతారు. నేనూ అదే చేశాను. తీర్మానం పుట్టేది మాత్రం ఈ పది నిమిషాల్లోనే.

గుంపు మధ్యలోకి దూరక్కర్లేదు. ముందే టిక్ పెట్టుకున్న మిత్రదేశాల్లో ఇద్దరి దగ్గరికి వెళ్లండి. "మన దేశాలు ఒకే కూటమిలో ఉన్నాయి, నేను ఈ రెండు క్లాజులు రాసుకొచ్చాను, మీరు చూస్తారా?" అనండి. నలుగురైతే గ్రూపే. పెద్ద గ్రూప్‌కి సంతకాలు కావాలి, వాళ్లే మీ దగ్గరికొస్తారు. సంతకం పెట్టే ముందు మీ క్లాజు డ్రాఫ్ట్‌లోకి ఎక్కాలని అడగండి. ఇందులో మొహమాటం పనికిరాదు, నిజమైన దౌత్యం కూడా ఇలాగే నడుస్తుంది.

మీ క్లాజు మీరే రాశారని తేలేలా పైన దేశం పేరు రాయండి. వీలైతే ఒక కాపీ ముందే బోర్డుకు పంపండి. ఇంకొకరు దాన్ని తమదిగా చెప్పుకుంటే గొడవ పడకుండానే తేలిపోతుంది.

ఇంకొకటి చాలాసార్లు చూశాను. చేతిరాత బాగుందనో, టైపింగ్ వేగం ఉందనో డ్రాఫ్ట్ రాసే పని ఒక అమ్మాయికో, నెమ్మదస్తుడికో అప్పజెబుతారు. మైక్ ముందు ప్రజెంట్ చేసేది మాత్రం వేరొకరు. రాసేటప్పుడే "ఈ మూడు క్లాజులు నేనే ప్రజెంట్ చేస్తాను" అని ఖాయం చేసుకోండి. పక్కవాళ్లు కూడా ఆ మాటకు నిలబడండి.

8. తీర్మానంలో ఒక్కో మాటా చూసి రాయండి

తీర్మానం రెండు భాగాలు. పీఠికలో నేపథ్యం, పాత తీర్మానాల ప్రస్తావన ఉంటాయి, ఒక్కో వాక్యం కామాతో ముగుస్తుంది. ఆ తర్వాత నంబర్లేసిన ఆపరేటివ్ క్లాజులు వస్తాయి, ఒక్కోటి సెమికోలన్‌తో ముగుస్తుంది, ఆఖరిదానికి ఫుల్‌స్టాప్. కొత్తవాళ్లు పీఠిక మీద గంట గడిపి క్లాజులు పదిహేను నిమిషాల్లో రాస్తారు. దాన్ని తిరగెయ్యండి.

ప్రతి క్లాజునూ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి. ఎవరు చేయాలి, ఏం చేయాలి, ఎప్పటిలోగా, డబ్బు ఎక్కడిది? "వాతావరణ మార్పుల వల్ల నష్టపోయిన దేశాలకు సాయం చేయాలని కోరుతుంది" అన్న క్లాజుకు అందరూ తలూపుతారు, ఏమీ జరగదు. ఇలా రాసి చూడండి: "లాస్ అండ్ డ్యామేజ్ నిధి బోర్డు, చిన్న ద్వీప దేశాల్లో తుపాను వచ్చిన 30 రోజుల్లోపు తొలి విడత అందేలా ఒక ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసే విషయం పరిశీలించాలని, దాని పురోగతిని ఏటా తెలియజేయాలని ఆహ్వానిస్తుంది." ఆ నిధి కల్పన కాదు. 2022లో షర్మ్ అల్ షేక్ వాతావరణ సదస్సులో దాని ఏర్పాటుకు నిర్ణయం జరిగింది. ఉన్న సంస్థకు కొత్త పని చెప్పడం బలంగా ఉంటుంది. ప్రతి సమస్యకూ పొడవాటి పేరుతో కొత్త ఐరాస సంస్థ పుట్టించే డ్రాఫ్టులు ఓటింగ్ దాకా వచ్చినా ప్రశ్నలకు నిలబడవు.

క్రియలు కూడా చూసుకోండి. జనరల్ అసెంబ్లీ సిఫార్సు చేస్తుంది, కోరుతుంది, ఆహ్వానిస్తుంది. "నిర్ణయిస్తుంది" అని దేశాలను కట్టిపడేసే మాట భద్రతా మండలి గదికి వదిలెయ్యండి.

ఒక్క మాటతో ఎంత మారుతుందో రెండు నిజమైన ఉదాహరణలు చెబుతాను. మానవ హక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు మొదటి ఆర్టికల్ "ఆల్ మెన్" అని మొదలయ్యేది. భారత ప్రతినిధి హంసా మెహతా పట్టుబట్టి దాన్ని "ఆల్ హ్యూమన్ బీయింగ్స్" అని మార్పించారు. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఆమోదం పొందిన ప్రకటనలో ఉన్నది ఆ మాటే. రెండోది 1967 నవంబర్‌లో భద్రతా మండలి చేసిన 242వ తీర్మానం. ఆ ఏడాది జూన్‌లో జరిగిన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి ఇజ్రాయెల్ బలగాలు వైదొలగాలని అందులో ఉంది. ఇంగ్లిష్ పాఠంలో "ప్రాంతాలు" అన్న మాట ముందు "ది" లేదు. ఫ్రెంచ్ పాఠం చదివితే ఉన్నట్టే ఉంటుంది. అన్ని ప్రాంతాల నుంచా, కొన్నిటి నుంచా అన్న వాదన ఈ రోజుకీ తెగలేదు. మీ డ్రాఫ్ట్‌లో ఒక మాట మార్చమని ఎవరైనా అడిగితే "చిన్న మార్పే కదా" అని ఒప్పేసుకోకండి. ఒకసారి కూర్చుని చదివి, ఎందుకడుగుతున్నారో ఆలోచించండి.

స్పాన్సర్ అంటే డ్రాఫ్ట్ రాసి దానికి కట్టుబడినవాళ్లు. సిగ్నటరీ అంటే అది చర్చకు రావాలని కోరేవాళ్లు, నచ్చకపోయినా సంతకం పెట్టొచ్చు. సవరణ స్పాన్సర్లందరికీ సమ్మతమైతే నేరుగా చేరిపోతుంది, కాకపోతే ఓటుకు వెళ్తుంది. ప్రత్యర్థి డ్రాఫ్ట్‌ను పూర్తిగా ఓడించాలని చూడకుండా అందులో మీకు ఇబ్బందిగా ఉన్న ఒక్క క్లాజుకు సవరణ పెట్టండి. చాలాసార్లు అదే గెలుస్తుంది.

9. ఓటింగ్

తలుపులు మూస్తారు, చిట్లు ఆపేస్తారు. జనరల్ అసెంబ్లీ కమిటీలో ఎక్కువ ఓట్లు వస్తే నెగ్గినట్టు. భద్రతా మండలిలో 15లో 9 ఓట్లు కావాలి, ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఒక్కటి వ్యతిరేకించినా పోతుంది. స్నేహితుడి డ్రాఫ్ట్ కదా అని మీ దేశం ఒప్పుకోని క్లాజుకు ఓటెయ్యకండి. ఓటు వెయ్యడం కూడా దేశం తరఫున మాట్లాడటమే.

10. చిన్న విషయాలు

కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోకండి. బ్లేజర్ లేకపోతే కొనక్కర్లేదు, ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు సరిపోతాయి. అమ్మాయిలకు చీర, సల్వార్ ఇండియన్ ఫార్మల్స్ కిందే వస్తాయి. నీళ్ల సీసా, రెండు పెన్నులు, అంటించే చిన్న చీటీల కట్ట పెట్టుకోండి. ముందు రాత్రి పన్నెండింటికల్లా పడుకోండి, ఆ తర్వాత చదివింది గదిలో గుర్తుకు రాదు.

అవార్డుల ప్రకటనలో మీ పేరు రాకపోవచ్చు. హాలు ఖాళీ అవ్వకముందే ఛైర్ దగ్గరికి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: నా ఏ పాయింట్ గదిలో పనికొచ్చింది, నా ఏ క్లాజు బలహీనంగా ఉంది? జవాబులు అక్కడే నిలబడి రాసుకోండి. ఇంటికొచ్చాక మీ ఫైల్ పారెయ్యకుండా, మీ క్లాజులు, ఆఖరి తీర్మానం, ఆ రెండు జవాబులు ఒక కవర్లో పెట్టి పైన తేదీ, దేశం పేరు రాసి దాచుకోండి. వచ్చే ఏడాది మీ కాలేజీ నుంచి ఒక జూనియర్ "అక్కా, నాకు వనువాటు వచ్చింది, ఏం చేయాలి?" అని అడిగినప్పుడు ఆ కవర్ ఇవ్వండి.